కొండల దీవి, గాలి, మబ్బు: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖ బీచ్ రోడ్డులో ఉదయపు నడక ముగిశాక మేము కొందరం ఒక సిమెంటు గట్టు మీద కూర్చుంటాం. జూలైలో కైలాసగిరి నెత్తిన మబ్బు పట్టినప్పుడల్లా ఎవరో ఒకరు ఏదో ఒకటి అడుగుతారు. చాలా ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పిన నోరు కాబట్టి నాకు ఊరుకోబుద్ధి కాదు. అలా పోగుపడిన ప్రశ్నలే ఇవి. మనది దీవి కాదు, నిజమే. కానీ చుట్టూ వేరే అడ్డంకులేవీ లేని దీవిలో గాలి చేసే పని విడిగా, స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ చూసి నేర్చుకుంటే మన కొండల సంగతి సులువుగా తెలుస్తుంది.

గాలి వీస్తూనే ఉంటుంది కదా, మబ్బు మాత్రం కొండను ఎందుకు వదలదు?

అరకు దారిలో చాపరాయి చూసే ఉంటారు. వాగు నీళ్లు బండ దాటి జారే చోట తెల్లటి నురగ ఉబ్బు ఒకటి పొద్దున చూసినా సాయంత్రం చూసినా అక్కడే ఉంటుంది. అందులోని నీళ్లు మాత్రం క్షణం కూడా ఆగవు. కొండ మీది మబ్బూ అంతే. గాలి వచ్చే వైపు కొత్త బొట్లు పుడుతుంటాయి, దిగే వైపు పాతవి ఆవిరైపోతుంటాయి. మనం మబ్బు అని పిలిచేది ఆ మధ్యలో కనిపించే తెలుపు. పది నిమిషాల క్రితం మీరు చూసిన మబ్బులోని ఒక్క బొట్టు కూడా ఇప్పుడు అక్కడ ఉండదు.

అసలు కొండ ఎక్కిన గాలికి మబ్బు ఎందుకు పడుతుంది?

పైకి పోయిన గాలి మీద ఒత్తిడి తగ్గుతుంది, అది వ్యాకోచిస్తుంది, చల్లబడుతుంది. మబ్బు పట్టేదాకా ప్రతి కిలోమీటరుకు దాదాపు 10 డిగ్రీల చొప్పున చల్లబడుతుంది. ఎంత ఎత్తున మబ్బు మొదలవుతుందో అంచనా వేయడానికి ఒక చేతిలెక్క ఉంది. గాలి ఉష్ణోగ్రతకూ, ఆవిరి బొట్టుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రతకూ మధ్య తేడాను 125తో గుణించాలి. వచ్చేది మీటర్లలో మబ్బు అడుగు ఎత్తు.

విశాఖలో మామూలు వానాకాలపు మధ్యాహ్నం 30 డిగ్రీలు ఉండి, రెండో అంకె 25 అయితే, మబ్బు అడుగు 625 మీటర్ల దగ్గర పడుతుంది. కైలాసగిరి ఎత్తు 170 మీటర్ల చిల్లర, కనుక దాని తల ఖాళీ. అదే రాత్రంతా వాన కురిసి, తెల్లారి ఆ తేడా ఒక డిగ్రీకి తగ్గిందనుకోండి, 125 మీటర్లకే మబ్బు. రోప్‌వే తీగలు సగం నుంచి మాయమవుతాయి.

ప్రశ్నలన్నీ దీవుల గురించే ఎందుకు? నిలకడగా వీచే గాలులంటే ఏవి?

ఏడాదిలో ఎక్కువ రోజులు ఒకే దిక్కు నుంచి వీచేవి. ఉష్ణమండల సముద్రాల మీద వ్యాపార పవనాలు అలాంటివి: ఉత్తరార్ధగోళంలో ఈశాన్యం నుంచి, దక్షిణార్ధగోళంలో ఆగ్నేయం నుంచి. పసిఫిక్‌లోని హవాయి, అట్లాంటిక్‌లోని కెనరీ దీవులకు మొదటి రకం, హిందూ మహాసముద్రంలోని రీయూనియన్‌కు రెండోది. మన బంగాళాఖాతంలో మాత్రం గాలి కాలాన్ని బట్టి తిరగబడుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి, ఆ తర్వాత ఈశాన్యం. వేల కిలోమీటర్ల నీటి మీద నున్నగా వచ్చిన గాలికి హఠాత్తుగా ఒక కొండ తగిలితే ఏమవుతుందన్నదే మిగతా కథంతా.

గాలి కొండను ఎక్కి దాటుతుందా, చుట్టి పోతుందా?

నన్నడిగితే అసలు ప్రశ్న ఇదొక్కటే. మిగిలినవన్నీ దీనికి కొమ్మలు. గాలిని కొండ అడ్డుకుంటుందని బడిలో చదువుకున్నాం. కానీ గాలి ఆగదు, దారి ఎంచుకుంటుంది. ఏ దారి అన్నది మూడు విషయాలు తేలుస్తాయి: గాలి వేగం, కొండ ఎత్తు, గాలి పొరల మొండితనం.

ఈ మూడోది కాస్త వివరించాలి. పైకి నెట్టిన గాలి చల్లబడి, చుట్టూ ఉన్న గాలికంటే బరువెక్కుతుంది. వదిలేస్తే మళ్లీ కిందికే వస్తుంది. పొరలు ఎంత నిలకడగా ఉంటే అంత గట్టిగా వెనక్కి లాగుతాయి. మామూలు రోజుల్లో ఈ మొండితనాన్ని సెకనుకు 0.01 అని తీసుకుంటారు. గాలి వేగాన్ని ఈ అంకెతోనూ, కొండ ఎత్తుతోనూ భాగిస్తే వచ్చేదే ఫ్రూడ్ సంఖ్య. అది ఒకటికి మించితే గాలి కొండెక్కి దాటుతుంది. ఒకటికి బాగా తక్కువైతే కింది పొరలకు ఎక్కే ఓపిక ఉండదు, రెండుగా చీలి పక్కల నుంచి పోతాయి.

లెక్క వేసి చూద్దాం. ఉత్తర అండమాన్‌లోని శాడిల్ పీక్ ఎత్తు 732 మీటర్లు. సెకనుకు 10 మీటర్ల నైరుతి గాలి తగిలితే సంఖ్య 1.4 దాకా వస్తుంది, అంటే గాలి ఎక్కేస్తుంది. హవాయిలో మౌనా కియా ఎత్తు 4,207 మీటర్లు. సెకనుకు 8 మీటర్ల వ్యాపార పవనానికి అక్కడ 0.2 కూడా రాదు. గాలి తల వంచి పక్కకు తప్పుకుంటుంది.

ఇక మన కైలాసగిరి. పగటి పూట సెకనుకు 5 మీటర్ల సముద్రపు గాలికి సంఖ్య దాదాపు 3, సునాయాసంగా దాటిపోతుంది. అదే కొండ, జనవరి రాత్రి. నేల చల్లబడి పొరల మొండితనం రెండింతలకు పైగా పెరుగుతుంది, గాలి సెకనుకు ఒక మీటరుకు పడిపోతుంది. సంఖ్య పావు కంటే తక్కువ. పగలు గాలికి ఆనని కొండే రాత్రికి గోడ అవుతుంది. శీతాకాలపు తెల్లవారుజామున పొగ కొండల మధ్యే పరుచుకుని ఉండటానికి ఇదొక కారణం. ఉత్తరాన కైలాస కొండలు, దక్షిణాన యారాడ కొండలు, మధ్యలో పళ్లెంలా ఊరు మరి.

ఫ్రూడ్ ఎవరు?

విలియం ఫ్రూడ్, 19వ శతాబ్దపు ఇంగ్లండు ఇంజనీరు. ఆయన పని గాలితో కాదు, ఓడలతో. చిన్న నమూనా ఓడలను పొడవాటి నీటి తొట్టెలో లాగి, అసలు ఓడకు నీరు ఎంత ఎదురొడ్డుతుందో లెక్కగట్టే పద్ధతి చూపించాడు. విశాఖలోని నౌకాదళ పరిశోధనశాల, మన ఎన్‌ఎస్‌టీఎల్‌లో ఉన్న పొడవైన తొట్టె ఆ వంశంలోదే. ఓడలు కట్టే ఊళ్లో ఉంటూ ఆయన పేరు తెలియకపోవడం బాగుండదని ఇక్కడ రాశాను.

ఒకే దీవిలో ఒక వైపు అడవి, రెండో వైపు ఎండు నేల ఎలా?

హవాయి పెద్ద దీవిలో గాలి తగిలే వైపున్న హిలో ఊరికి ఏడాదికి దాదాపు 3,200 మిల్లీమీటర్ల వాన. వంద కిలోమీటర్లు కూడా లేని దూరంలో, గాలి మరుగున ఉన్న కవాయిహేలో 250 కూడా పడదు. మనకు ఇది కొత్తేమీ కాదు. పడమటి కనుమలు అరేబియా సముద్రపు గాలిని పిండేశాక మిగిలినది తాగి బతికే అనంతపురం జిల్లాకు ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూనే వస్తుంది.

శ్రీలంకది ఇంకా ఆసక్తికరమైన సంగతి. గాలి తిరగబడే ప్రాంతంలో ఉంది కాబట్టి అక్కడ తడి వైపు కూడా తిరగబడుతుంది. మే నుంచి సెప్టెంబరు దాకా నడిమి కొండల పడమటి వాలు తడుస్తుంది. వటవల లాంటి చోట్ల ఏడాదికి 5,000 మిల్లీమీటర్లు దాటుతుంది. ఆ నెలల్లో ట్రింకోమలీ ఎండలో మాడుతుంది. డిసెంబరు నాటికి ఈశాన్య గాలి వచ్చి తూర్పు తీరాన్ని ముంచెత్తుతుంది. ఎండు వైపు, తడి వైపు అని పటంలో శాశ్వతంగా రంగు వేయకండి. ముందు గాలి ఎటు నుంచో అడగండి.

కొండ ఎంత ఎత్తయితే అంత వాన అనుకోవచ్చా?

అనుకోకూడదు. అందరూ పొరపడేది ఇక్కడే.

వ్యాపార పవనాల ప్రాంతంలో సుమారు 2,000 మీటర్ల ఎత్తున ఒక మూత ఉంటుంది. ఉష్ణోగ్రతా విలోమం అంటారు. ఎత్తుకు పోయేకొద్దీ చల్లబడాల్సిన గాలి అక్కడ ఉన్నట్టుండి వెచ్చబడుతుంది. కింది నుంచి లేచిన మబ్బు ఆ వెచ్చని పొరను ఛేదించలేక అడ్డంగా పరుచుకుంటుంది. మూతకు కింద తేమ, పైన ఎండుగాలి.

హవాయి దీవుల్లోనే ఒకటైన కవాయిలోని వాయ్‌అలేఅలే శిఖరం 1,569 మీటర్లే, పూర్తిగా మూత కిందే ఉంది. అందుకే దాని నెత్తి మీదే ప్రపంచంలోని అత్యధిక వానల్లో ఒకటి కురుస్తుంది. మౌనా కియాకు అందులో పది శాతం కూడా రాదు. అది మూతను పొడుచుకుని పైకి లేచిన కొండ. వాన అంతా దాని నడుము దగ్గరే ఆగిపోతుంది, శిఖరం ఎండు రాళ్ల గుట్ట. ఖగోళ శాస్త్రవేత్తలు అక్కడ టెలిస్కోపులు పెట్టుకున్నది ఆ ఎండుగాలి కోసమే. పక్కనున్న మౌనా లోవాలో 1958 నుంచి గాలిలో బొగ్గుపులుసు వాయువును కొలుస్తున్నది కూడా ఆ శుభ్రమైన పై గాలిలోనే.

మూత ఎలా ఉంటుందో చూడాలంటే హవాయి దాకా పోనక్కర్లేదు. జనవరిలో ఉదయం ఆరున్నరకు కైలాసగిరి ఎక్కి ఫ్యాక్టరీల వైపు చూడండి. గొట్టం నుంచి పొగ నిట్టనిలువుగా లేస్తుంది, ఒక ఎత్తుకు చేరాక ఎవరో చేత్తో అణచినట్టు చదునుగా పరుచుకుంటుంది. అంచు గీత గీసినట్టుంటుంది. ఎండ ముదిరాక ఆ గీత చెరిగిపోతుంది.

వంజంగి మేఘ సముద్రం, కెనరీ దీవుల మేఘ సముద్రం ఒకటేనా?

చూపుకు ఒకటే, పుట్టుకలు వేరు. పాడేరు దగ్గర వంజంగిలో మీరు చూసేది లోయలో రాత్రి కురిసిన మంచు. వాలు నుంచి జారిన చల్లగాలి లోయలో నిండి, తేమ మంచుగా కట్టి, పైన వెచ్చని గాలి మూత వేస్తుంది. తొమ్మిది గంటలకు ఎండ దాన్ని తినేస్తుంది. ఆలస్యంగా వెళ్లి ఖాళీ లోయ చూసి తిట్టుకునేవాళ్లు ఎందరో.

కెనరీల్లోని టెనెరిఫె దీవిలో 3,715 మీటర్ల టెయిడె కొండ చుట్టూ పరుచుకునే మబ్బును సముద్రం మీది గాలి మోసుకొస్తుంది. వ్యాపార పవనం ఉత్తరపు వాలును ఎక్కబోయి, మూత తగిలి అక్కడే పేరుకుపోతుంది. గాలి వీచినన్నాళ్లూ, మిట్టమధ్యాహ్నం కూడా ఉంటుంది.

వాన పడకపోయినా చెట్లు మబ్బు నుంచి నీళ్లు తీసుకుంటాయా?

తీసుకుంటాయి. ఆకులకు, సూదులకు మబ్బు బొట్లు తగిలి, కలిసి, కారుతాయి. కెనరీల్లోని ఎల్ ఇయెర్రో దీవి జనం గరోయె అనే ఒక్క చెట్టు కింద గుంటలు తవ్వి ఆ నీటిని పట్టుకునేవారు. 1610లో గాలివానకు ఆ చెట్టు కూలింది. తర్వాత అదే చోట ఇంకోటి నాటారు.

గాలి మరుగు వైపు వాన లేకపోతే పోనీ, అంత వేడి ఎందుకు?

కూడికలు తీసివేతలు వస్తే చాలు. తీరంలో 30 డిగ్రీల గాలి 2,000 మీటర్ల కొండ ఎక్కుతోంది. మొదటి 600 మీటర్లకు 6 డిగ్రీలు పోయి 24కు వచ్చింది. ఇక్కడ మబ్బు పట్టింది. ఆవిరి నీరయ్యేటప్పుడు తన వేడిని గాలికి తిరిగి ఇచ్చేస్తుంది కాబట్టి, ఇక్కడి నుంచి కిలోమీటరుకు సుమారు 5 డిగ్రీలే తగ్గుతుంది. మిగిలిన 1,400 మీటర్లకు 7 డిగ్రీలు, శిఖరం మీద 17. నీళ్లన్నీ ఇటువైపే కురిసిపోయాయనుకుందాం. ఎండిన గాలి అటు దిగేటప్పుడు కిలోమీటరుకు 10 చొప్పున వేడెక్కి, సముద్ర మట్టానికి చేరేసరికి 37. ముప్పైతో ఎక్కి ముప్పై ఏడుతో దిగింది. నిజంలో నీళ్లన్నీ కురవవు, కింది గాలంతా ఎక్కదు, అందుకని తేడా కొంత తగ్గుతుంది.

తూర్పు శ్రీలంకలో జూన్, జూలైల్లో ఇలా దిగే వేడిగాలికి కచ్చన్ అని పేరు. మే నెలలో సముద్రపు గాలి మొహం చాటేసిన రోజున విశాఖను కాల్చే పడమటి గాలికి ప్రధాన కారణం ఎండిన నేల మీదుగా రావడమే. తూర్పు కనుమలు దిగడం దానికి కొంత తోడవుతుంది.

ఉపగ్రహ చిత్రాల్లో దీవి వెనక జడ అల్లినట్టు కనిపించే సుడులు నిజమేనా?

నిజమే. వానాకాలంలో రాజమండ్రి గోదావరి వంతెన మీద నిలబడి స్తంభాల దిగువకు చూడండి. స్తంభం ఎడమ నుంచి ఒక సుడి, కుడి నుంచి ఒక సుడి, మార్చి మార్చి విడివడి కొట్టుకుపోతుంటాయి. ఒకటి ఇటు తిరిగితే ఇంకోటి అటు. గాలిలో దీవి కూడా స్తంభమే. ఈ వరసకు థియొడోర్ ఫాన్ కార్మాన్ పేరు పెట్టారు, ఆయన దీని లెక్క తేల్చింది 1911, 1912లలో. అయితే దీవులంత పెద్ద సుడుల వరస మొత్తంగా మనిషి కంటికి కనబడింది మాత్రం ఉపగ్రహాలు వచ్చాకే. వందల కిలోమీటర్ల పొడవున్న దాన్ని ఓడ మీద నుంచి ఎవరు చూడగలరు?

ఇవి కనిపించడానికి మూడూ కలిసి రావాలి. స్థిరమైన గాలి కావాలి. కింద పరుచుకున్న పలుచని మబ్బు పొర, దాని మీద మూత ఉండాలి. ఆ మూతను పొడుచుకుని పైకి లేచే శిఖరం ఉండాలి. గాలి ఎక్కలేక చుట్టి పోతేనే సుడి పుడుతుంది, మబ్బు పొర ఉంటేనే అది మన కంటికి ముగ్గులా కనిపిస్తుంది. మెక్సికో పడమటి తీరానికి దూరంగా ఉన్న గ్వాడలూప్, ఆర్కిటిక్‌లో యాన్ మాయెన్, కొరియా దక్షిణాన జేజు, ఆఫ్రికా పక్కన మడైరా, ఇవన్నీ ఈ బొమ్మలకు పేరుపడ్డ దీవులు.

మరి అండమాన్ వెనక ఎందుకు కనిపించవు?

ఎత్తు చాలదు, పైన మూతా లేదు. నైరుతి కాలంలో మన సముద్రం మీద మబ్బులు పది కిలోమీటర్లు దాటి లేస్తాయి. పరుచుకున్న పలుచని పొరే లేనప్పుడు ముగ్గు దేని మీద పడుతుంది?

దీవి వెనక గాలి నీడ ఎంత దూరం ఉంటుంది?

హవాయి దీవులది పడమటికి దాదాపు 3,000 కిలోమీటర్లు. నమ్మశక్యంగా ఉండదు కానీ ఉపగ్రహాలు కొలిచాయి. నీడలో గాలి మందగిస్తుంది, సముద్రం వెచ్చబడుతుంది, నీటిలో ఎదురు ప్రవాహం ఒకటి పుడుతుంది, అది ఆ వెచ్చదనాన్ని ఇంకా సాగదీస్తుంది. చిన్న ఎత్తున ఇదే నీడ మన నౌకాశ్రయానికి కలిసొచ్చింది. డాల్ఫిన్స్ నోస్ కొండ మరుగున నీరు కుదురుగా ఉండబట్టే 1933లో అక్కడ ఓడరేవు తెరిచారు.

పగటికీ రాత్రికీ తేడా ఉంటుందా?

చాలా. హిలోలో వాన ఎక్కువగా రాత్రి, తెల్లవారుజామున పడుతుంది. చల్లబడిన కొండ నుంచి దిగే గాలి సముద్రపు గాలికి ఎదురెళ్లి తీరానికి దగ్గర్లో ఢీకొంటుంది, అక్కడ మబ్బు వరస లేస్తుంది. దీవికి అటువైపు కోనాలో వ్యవహారం తలకిందులు. పెద్ద గాలి కొండల మరుగున చిక్కుకుని రాదు కాబట్టి, పగటి వేడికి సముద్రపు గాలి తన ఇష్టం వచ్చినట్టు వాలు ఎక్కుతుంది. పొద్దున ఎండ, మధ్యాహ్నం మబ్బు, వేసవిలో వాన. కాఫీ మొక్కకు ఇంతకంటే ఏం కావాలి? అరకు కాఫీకి చెట్ల నీడ ఎలాగో, కోనా కాఫీకి మధ్యాహ్నపు మబ్బు నీడ అలాగ.

కొండలు తుపాను నుంచి కాపాడతాయా?

2014 అక్టోబరు 12 చూసినవాళ్లు ఈ మాట అడగరు. హుద్‌హుద్ గాలి గంటకు 180 కిలోమీటర్ల దాకా వీచింది. అంత వేగానికి ఫ్రూడ్ సంఖ్య ఆకాశాన్ని అంటుతుంది, మన కొండలు దానికి లెక్కలోకే రావు. గాలి వాటి మీదుగా ఎక్కుతూ శిఖరం దగ్గర ఇంకా వేగం పుంజుకుంటుంది. ఆ మర్నాడు పచ్చని కొండలు ఆకు రాలి బోడిగా నిలబడటం ఊరంతా చూసింది.

పెద్ద కొండలున్న దీవుల్లో గాలి సంగతి పక్కన పెట్టండి, వానే ప్రళయం. రీయూనియన్ దీవిలోని కొమర్సన్ బిలం దగ్గర 2007 ఫిబ్రవరిలో గమెద్ తుపాను 72 గంటల్లో 3,929 మిల్లీమీటర్లు కురిపించింది. ప్రపంచ రికార్డు అది. విశాఖకు మూడేళ్లకు పైగా పట్టే వాన మూడు రోజుల్లో పడింది. 2009 ఆగస్టులో మొరకోట్ తుపాను తైవాన్‌లోని అలీషాన్ కొండల మీద 2,700 మిల్లీమీటర్లకు పైగా పోసింది. సముద్రం మీద తుపాను తేమను మోసుకు తిరుగుతుంది, కొండ తగలగానే దించేస్తుంది.

మబ్బును చూసి దీవి ఉందని చెప్పవచ్చా?

పసిఫిక్ దీవుల నావికులు వందల ఏళ్లు అలాగే దారి వెతుక్కున్నారు. మిగతా మబ్బులు కదిలిపోతుంటే ఒకటి మాత్రం కదలకుండా నిలబడితే దాని కింద నేల ఉన్నట్టు.

ఇక్కడి నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు ఓడలో వెళ్లినప్పుడు నేనూ పరీక్షించాను. చివరి ఉదయం ఐదున్నరకు పై డెక్కు మీదికి వెళ్లాను. ఆకాశంలో చిన్న చిన్న మబ్బులు దూది పింజల్లా ఈశాన్యానికి పోతున్నాయి. రెయిలింగు కమ్మీకి సూటిగా ఒక్కో మబ్బును గురిపెట్టి చూశాను, ఓడతో పాటు అన్నీ జరుగుతున్నాయి. తూర్పున అంచుకు ఆనుకుని ఒక బూడిద రంగు వరస మాత్రం అరగంట గడిచినా ఉన్నచోటే ఉంది. కింద నీళ్లు తప్ప ఏమీ లేవు. టీ క్యాను మోసుకొచ్చిన క్యాంటీన్ కుర్రాడు నేను చూస్తున్న వైపు ఒకసారి చూసి, "అండమానే సార్, ఇంకో ఐదు గంటలు" అని గ్లాసు చేతికిచ్చి వెళ్లిపోయాడు.